సిగ్గరి: లింగం లేని మాటకు లింగం వచ్చిన వైనం

తెలుగులో మనిషి తీరును చెప్పే మాటలు కొన్ని ‘అరి’తో ముగుస్తాయి. నేర్పరి, గడసరి, తుంటరి, సొగసరి, పొదుపరి. సిగ్గరి కూడా ఆ వరసలోదే. ఈ ‘అరి’కి ఆడా మగా తేడా లేదు. వాడు నేర్పరి అంటాం, ఆమె నేర్పరి అంటాం. మాట మారదు. వ్యాకరణం లెక్కన సిగ్గరి కూడా అంతే. కానీ ‘సిగ్గరి’ అని ఒక్క మాట అని ఊరుకుంటే వినేవాళ్ళ కళ్ళ ముందు నిలబడేది ఎవరు? తల వంచుకున్న ఒక ఆడపిల్ల. మాట నిర్మాణంలో లేని లింగం వాడుకలోకి ఎక్కణ్ణించి వచ్చింది, దాన్ని ఎవరు చేర్చారు, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది అన్నవి ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్నలు.

ఇది నిఘంటువులకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. ఈ మాట చుట్టూ ఒక కావ్యం నిషేధానికి గురైంది. ఈ మాట చుట్టూ చట్టాలు రాశారు. ఆడది నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే అని ఇళ్ళల్లోనూ కోర్టుల్లోనూ తీర్పులు చెప్పారు. అందుకే దీనికి ఒక చరిత్ర రాయాలి.

ముందు ఈ మాటల కుటుంబాన్ని ఒకసారి చూద్దాం. సిగ్గు, బిడియం, మొహమాటం, జంకు, ముభావం, అణకువ. పైకి ఒకేలా కనిపిస్తాయిగానీ ఒకటి కాదు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలకపోవడం బిడియం. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని కాదనలేకపోవడం మొహమాటం. ఆ మాటలోనే మొగం ఉంది, ఎదుటి మొగం చూసి మన మాట మింగేసుకోవడమన్నమాట. జంకులో భయం పాలు ఎక్కువ. ముభావంలో మనసు మూసుకోవడం ఉంది. అణకువ ఇంకొకరి కింద ఉండటానికి ఒప్పుకోవడం. వీటన్నిటికీ పెద్దక్క సిగ్గు. దానికి రెండు ముఖాలున్నాయి. ‘కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడింది’ అన్నప్పుడు అది మెచ్చుకోలు. ‘ఇలా చేసినందుకు సిగ్గుపడాలి’ అన్నప్పుడు అది నిందారోపణ. చాలా భాషల్లో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. మనకు ఒకటే మాట. స్వభావంగా ఉన్న బిడియానికీ, తప్పు చేసినవాళ్ళు పడాల్సిన లజ్జకీ మధ్య గీత చెరిగిపోవడానికి ఈ ఒక్క మాటే దారి ఇచ్చింది.

ఈ మాటకు తోడుగా నడిచే జంట మాటలు కూడా గమనించదగ్గవి. కోస్తాలో ‘సిగ్గూ ఎగ్గూ లేదు’ అంటారు. తెలంగాణలో ‘సిగ్గూ శరం లేదు’ అంటారు, ఉర్దూలోంచి వచ్చిన శరం ఇక్కడ సిగ్గుకు చెలికత్తె అయింది. రెండుచోట్లా ఈ తిట్టు మగవాడికి పడితే అతను చేసిన ఏదో ఒక పనికి పడుతుంది. అప్పు ఎగ్గొట్టినందుకో, మాట తప్పినందుకో. ఆడదానికి పడితే చాలాసార్లు చేసిన పనికి కాదు, నవ్వినందుకు, నిలబడినందుకు, కూర్చున్న తీరుకు, గొంతు పెద్దదైనందుకు. ‘సిగ్గులేని మొహానికి నవ్వే సింగారం’ అన్న సామెతలో లింగం లేదు, కానీ అది ఎక్కువగా ఎవరి మొహాన పడుతుందో మనకు తెలుసు.

తక్కువ మాట్లాడే మగవాడికి భాష ఎంత మర్యాద చేసిందో చూడండి. మితభాషి, గంభీరుడు, అంతర్ముఖుడు, లోతైన మనిషి. యూంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో అంతర్ముఖులు, బహిర్ముఖులు అని మనుషుల్ని రెండు రకాలుగా వివరించాక, మనం ఆ భావానికి వాడుకున్న మాట ‘అంతర్ముఖుడు’. అప్పటికే వేదాంతంలో దానికి పెద్ద పీట ఉంది. లోకం మీంచి చూపు మరల్చి లోపలికి చూసుకునేవాడని అర్థం. ఇలా తక్కువ మాట్లాడే మగవాడు జ్ఞాని పక్కన కూర్చున్నాడు. తక్కువ మాట్లాడే ఆడది తల వంచితే సిగ్గరి అయింది. తల వంచకుండా తక్కువ మాట్లాడితే పొగరుమోతు అయింది. ఆమె మౌనానికి లోతు ఉంటుందన్న ఊహే ఆ భాషలో లేదు.

ఈ తేడా మొదటినుంచీ లేదు. నాట్యశాస్త్రంలో ముప్ఫై మూడు వ్యభిచారి భావాల జాబితా ఉంది. అందులో వ్రీడ ఒకటి. వ్రీడ అంటే సిగ్గు. దానికి కారణాలుగా శాస్త్రకారుడు చెప్పినవి: చేయకూడని పని చేయడం, పెద్దల మాట మీరడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోవడం, పశ్చాత్తాపం. అంటే సిగ్గు ఒక చర్యకు వచ్చే ఫలితం. తప్పు ఎవరు చేస్తే వాళ్ళది. అందులో ఆడా మగా ప్రసక్తి లేదు. ఇక ఆ భావాన్ని నటించి చూపడానికి చెప్పిన గుర్తులు మనకు చాలా పరిచయమైనవే: ముఖం దాచుకోవడం, తల వంచడం, నేల మీద గీతలు గీయడం, బట్ట కొసనూ ఉంగరాన్నీ తడుముకోవడం, గోళ్ళు కొరకడం. కాలి బొటనవేలితో నేల రాసే పెళ్ళికూతుర్ని మన సినిమాలు ఎన్నిసార్లు చూపించాయో లెక్కలేదు. తప్పు చేసిన మనిషి చేష్టలు ఏ తప్పూ చేయని పిల్లకు అలంకారాలుగా మారాయన్నమాట. నన్ను ఈ పరిశోధన వైపు లాగిన విషయాల్లో ఇది ముఖ్యమైనది. ఆ పిల్ల చేసిన ‘చేయకూడని పని’ ఏమిటి? ఆడదై పుట్టడమా, తనకొక కోరిక ఉండటమా?

ఆ మార్పు ఎలా జరిగిందో తర్వాతి అలంకార శాస్త్రం చెబుతుంది. నాయికల్ని ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని మూడు మెట్లుగా విభజించారు. పదవ శతాబ్దపు ధనంజయుడి దశరూపకంలో ఈ విభజన ఉంది. భానుదత్తుడి రసమంజరి దాన్ని ఇంకా సూక్ష్మంగా పంచింది. ఈ విభజనకు కొలబద్ద సిగ్గే. సిగ్గు కోరికను మింగేస్తే ముగ్ధ. సిగ్గూ కోరికా సమపాళ్ళలో ఉంటే మధ్య. కోరిక సిగ్గును దాటితే ప్రౌఢ. నాయకుల విభజన చూడండి. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు. అతని గుణాన్ని బట్టి, ఎంతమంది ఆడవాళ్ళతో ఎలా మెలిగాడన్నదాన్ని బట్టి విభజన. అతని సిగ్గును కొలిచే తక్కెడ శాస్త్రంలో లేదు. ధృష్టుడంటేనే తప్పు చేసి పట్టుబడినా జంకనివాడు. అదీ ఒక నాయక భేదమే. అతనికీ కావ్యంలో చోటుంది.

ముగ్ధ అన్న మాటను విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ముగ్ధ, మూఢ రెండూ ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చాయి. మోహం కూడా అక్కణ్ణించే వచ్చింది. తెలియనితనం, దిక్కుతోచకపోవడం వాటి మూలార్థం. ఆ తెలియనితనం మగవాడిలో ఉంటే మూఢుడని తిట్టు. పడుచుపిల్లలో ఉంటే ముగ్ధ అని మురిపెం. తెలుగు కవులు దాన్ని ముగుదగా మార్చుకుని అక్కున చేర్చుకున్నారు. ఇప్పటికీ మనం ‘ముగ్ధమనోహరంగా ఉంది’ అని వాడుతూనే ఉన్నాం. అజ్ఞానమే అందమని చెప్పిన మాట మన నోట్లో ఎంత తియ్యగా పలుకుతోందో!

ఈ మూడు మెట్ల లెక్కను లోపలినుంచే తలకిందులు చేసిన కవయిత్రి ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్నదామె. దేవదాసి. ఆమె రాసిన రాధికాసాంత్వనంలో రాధ తాను పెంచి పెద్దచేసిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఆ పిల్లకు ఎలా మెలగాలో, ఆ పిల్లతో ఎలా మెలగాలో కృష్ణుడికీ తానే చెబుతుంది. ఆ తర్వాత తన విరహాన్నీ, అసూయనీ, కోపాన్నీ దాచుకోదు. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను బుజ్జగించాలి. సాంత్వనం అంటే అదే. కావ్యంలో ముగ్ధ ఇళ. కానీ కావ్యం ఆమెది కాదు. అనుభవం ఉన్న, వయసు వచ్చిన, తనకేం కావాలో తెలిసిన రాధది. సిగ్గుపడే పిల్లను పక్కన నిలబెట్టి, సిగ్గు దాటిన స్త్రీ కోరికకు మధ్యలో పీట వేసింది ముద్దుపళని.

ఈ కావ్యం అచ్చులోకి వచ్చిన తీరే మన మాటకు అసలైన చరిత్ర. బ్రౌన్ దొర దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో దీన్ని ముద్రించారు. ఆ ముద్రణలో కవయిత్రి తన గురించీ తన వంశం గురించీ చెప్పుకున్న పీఠిక లేదు. ముద్దుపళని ఆ పీఠికలో తన చదువునీ, అందాన్నీ, తాను పొందిన గౌరవాన్నీ ఏ బిడియమూ లేకుండా చెప్పుకుంది. తన ఇంటి ఆడవాళ్ళను తల్చుకుంటూ వాళ్ళ పరంపరలో తనను నిలబెట్టుకుంది. మగకవి ఇలా చెప్పుకుంటే దాన్ని కృత్యాది అంటాం, ప్రబంధ లక్షణమంటాం. ఆడది చెప్పుకుంటే అది ఎగిరిపోయింది. శృంగారం కంటే ముందు చెల్లకుండా పోయింది ఒక స్త్రీ తన పేరు తాను చెప్పుకోవడమే. పత్రికలకు రచన పంపేటప్పుడు ‘మీ గురించి నాలుగు మాటలు’ అడిగితే రెండు మాటల దగ్గర ఆగిపోయే మనందరికీ ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

కందుకూరి వీరేశలింగం గారు ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని గురించి రాశారు. ఆమె పాండిత్యాన్ని కాదనలేదు. కానీ ఈ పుస్తకం స్త్రీలు వినదగినది కాదనీ, అలాంటిది ఒక స్త్రీ నోట రావడం మరీ తగదనీ తేల్చేశారు. ఆమె కులవృత్తిని ఎత్తిచూపి తూలనాడారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక పెట్టిన మనిషి. ఆయన లేకపోతే మనలో చాలామంది ముత్తవ్వలకు అక్షరం అందేది కాదేమో. ఆయన్ని దుర్మార్గుడిగా చూపిస్తే పని సులువవుతుంది, కానీ చరిత్ర అర్థం కాదు. సంస్కరణోద్యమానికి కావాల్సిన కొత్త స్త్రీ ఒకరు ఉన్నారు. ఆమె చదువుకోవాలి, భర్తకు తగిన జోడు కావాలి, ఇల్లు దిద్దుకోవాలి. చదువు వచ్చాక సిగ్గు పోతుందన్నది ఆనాటి ఛాందసుల ఆరోపణ. చదువు వచ్చినా సిగ్గు పోదని రుజువు చేసి చూపడం సంస్కర్తలకు అవసరమైంది. ఆ రుజువు కోసం ఒక గీత గీయాల్సి వచ్చింది. గీతకు ఇటువైపు చదువుకున్న సిగ్గరి గృహిణి. అటువైపు చదువుకున్న దేవదాసి. అప్పటిదాకా ఆడవాళ్ళలో చదువూ సంగీతమూ కవిత్వమూ బాహాటంగా నేర్చుకున్నది ఎక్కువగా దేవదాసీలే. చదువును వాళ్ళ దగ్గర్నించి తీసుకుని, సిగ్గులేనితనాన్ని వాళ్ళకు వదిలేశారు.

దీనికి జవాబు చెప్పింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1910లో ముద్దుపళని పీఠికతో సహా రాధికాసాంత్వనాన్ని వావిళ్ళ వారి ద్వారా అచ్చువేయించింది. తన ముందుమాటలో వీరేశలింగం గారిని సూటిగా అడిగింది. సిగ్గు స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కర్లేదా అని. వెలయాలు కనక సిగ్గు లేకుండా రాసిందంటే, పెద్దమనుషులైన పురుషులు అంతకంటే పచ్చిగా రాసినవాటి సంగతేమిటని. వైజయంతీవిలాసం వంటి కావ్యానికి లేని అభ్యంతరం దీనికెందుకని. ఒక స్త్రీ రాసినందుకూ, తన వర్గంలో పుట్టిన స్త్రీ రాసినందుకూ ఈ పుస్తకాన్ని బయటికి తేవడం తన పని అని చెప్పుకుంది. తెలుగులో సిగ్గు అన్న మాటకు లింగం ఎందుకని అచ్చులో నిలదీసిన తొలి గొంతుల్లో ఇది ఒకటి. స్త్రీవాదం అన్న మాట మనం వినడానికి డెబ్భై ఏళ్ళ ముందు సంగతి.

ఫలితం మనకు తెలిసిందే. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని పట్టుకుంది. ప్రతులు స్వాధీనం చేసుకున్నారు. నిషేధం 1947లో, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో తొలగింది. వావిళ్ళ వారు 1952లో మళ్ళీ ముద్రించారు. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. నిషేధం తొలగిన 1947లోనే మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం వచ్చింది. ఆ వ్యవస్థలో దోపిడీ ఉంది, పోవాల్సిందే. అయితే కావ్యానికి స్వేచ్ఛ వచ్చిన ఏడాదే, ఆ కావ్యాన్ని కన్న స్త్రీల పరంపర చట్టం దృష్టిలో చెరిపేయాల్సిన మచ్చ అయింది. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి తన సంపాదనతో గుడి కట్టించి, అక్కడ ఆడవాళ్ళు పాడే హక్కు కోసం నిలబడింది నాగరత్నమ్మే. సిగ్గులేని కులంలో పుట్టిందన్న మనిషి వల్ల ఎంతమంది సిగ్గరి గృహిణులకు ఆ వేదిక దక్కిందో కచేరీలు చేసే ఆడవాళ్ళు చెప్పాలి.

ఇటు గృహిణుల వైపు కూడా కథ నెమ్మదిగా సాగలేదు. 1902లో హిందూసుందరి వచ్చింది. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి పత్రిక మొదలుపెట్టింది. 1928లో గృహలక్ష్మి వచ్చింది. ఈ పత్రికల్లో రాసిన ఆడవాళ్ళలో చాలామంది అప్పటిదాకా పరాయి మగవాడి ఎదుట నిలబడి మాట్లాడి ఉండరు. అచ్చు వాళ్ళకు ఒక చిత్రమైన సౌకర్యమిచ్చింది. కాగితం మీద తల వంచుకోనక్కర్లేదు. గొంతు వణికినా పాఠకుడికి వినపడదు. భండారు అచ్చమాంబ 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల వేసినప్పుడు పేరులో ‘అబల’ ఉంచింది, లోపల మాత్రం రాజ్యాలేలిన, యుద్ధాలు చేసిన, పండితుల్ని ఓడించిన ఆడవాళ్ళను వరసగా నిలబెట్టింది. అబల అన్న అణకువ మాట తలుపు తెరిపించింది, లోపలికి నడిచి వచ్చినవాళ్ళు వేరే. ఆ తరం స్త్రీలు సిగ్గును ఇలా ముసుగుగా వాడుకున్నారు. వాళ్ళ రచనల్లో కనిపించే ‘అల్పురాలను’, ‘తెలిసీ తెలియని దానను’ వంటి మాటల్ని చూసి జాలిపడేముందు ఈ నేర్పును గుర్తించాలి.

వేదిక ఎక్కడం ఇంకో గండం. సహాయ నిరాకరణ కాలంలో దువ్వూరి సుబ్బమ్మ ఊరూరా ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకు వెళ్ళింది. ఆమె బాలవితంతువు. నలుగురి కళ్ళబడకుండా ఒక మూల ఒదిగి ఉండాలని సమాజం శాసించిన స్త్రీ. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల్లో వాలంటీరుగా ఉన్న పధ్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూను ప్రదర్శన గుమ్మం దగ్గరే ఆపేసింది. ఈ సంఘటనను మనం ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటాం. కానీ మామూలు రోజుల్లో, మామూలు వీధిలో ఒక పధ్నాలుగేళ్ళ పిల్ల పెద్దమనిషిని అలా అడ్డగిస్తే ఆమెకు ఏ పేరు వచ్చేదో ఊహించండి. జాతీయోద్యమం ఆడవాళ్ళ సిగ్గుకు సెలవిచ్చింది, రద్దు చేయలేదు. స్వాతంత్ర్యం వచ్చాక చాలామందిని మళ్ళీ తలలు వంచుకోమంది. ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం 1980లలో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలను కలిసినప్పుడు, తుపాకీ పట్టిన ఆడవాళ్ళు కూడా పోరాటం ముగిశాక ఇంటికి పంపేయడం గురించే బాధగా చెప్పారు.

ఇప్పుడు రెండు సామెతల దగ్గరికి వద్దాం. మొదటిది ‘మొహమాటానికి పోతే కడుపయిందట’. దీని పూర్తి రూపంలో వితంతువును తిట్టే మాట కూడా ఉంటుంది, అది రాయడం నాకిష్టం లేదు. మగవాళ్ళు పేకాట దగ్గరా, ఆఫీసుల్లో అప్పుల గురించీ నవ్వుతూ వాడే సామెత ఇది. ఒక్క నిమిషం ఆగి వినండి. కాదనలేకపోయిన ఒక స్త్రీ మీద జరిగిన పనిని ఇది చెబుతోంది. ఆమె కాదనలేని స్థితిలో ఎందుకుందో, అవతలివాడు ఎవరో, వాడికి ఆమె ఇష్టంతో పని లేకపోయిందేమిటో సామెత అడగదు. తప్పు ఆమె మొహమాటానిది. రెండోది ‘మౌనం అర్ధాంగీకారం’. పెళ్ళిచూపుల్లో తల వంచుకు కూర్చున్న పిల్ల గురించి ఎన్ని ఇళ్ళల్లో ఈ మాట అన్నారో! ముందు మాట్లాడకపోవడమే గుణమని నేర్పడం, తర్వాత మాట్లాడలేదు కనక ఒప్పుకుందనడం. సిగ్గరిని తయారుచేసిందీ వాళ్ళే, ఆమె సిగ్గుకు అర్థం చెప్పిందీ వాళ్ళే.

చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 354వ సెక్షనులో స్త్రీ ‘మోడెస్టీ’కి భంగం కలిగించడం నేరం. మోడెస్టీ అంటే సిగ్గా, మర్యాదా, శీలమా? ఆమె శరీరం మీద జరిగిన దాడిని నేరుగా దాడి అనకుండా, ఆమె సిగ్గుకు జరిగిన నష్టంగా లెక్కకట్టిన మాట అది. ఏడున్నర నెలల పసికందు మీద జరిగిన దాడి కేసులో పంజాబ్ హైకోర్టు న్యాయమూర్తుల్లో మెజారిటీ, అంత పసిపాపకు సిగ్గన్న స్పృహ ఉండదు కనక ఈ సెక్షను వర్తించదన్నారు. 1966లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు దాన్ని కొట్టేసింది. స్త్రీ మోడెస్టీకి సారం ఆమె స్త్రీత్వమే, పుట్టినప్పటినుంచీ ఉంటుందని చెప్పింది. నిందితుడికి శిక్ష పడింది, మంచిదే. కానీ ఆ తర్కం చూడండి. నేరస్థుణ్ణి శిక్షించడానికి ఉయ్యాల్లోని పాపకు కూడా సిగ్గును అంటగట్టాల్సి వచ్చింది. వలస పాలకులు రాసిన ఆ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 74వ సెక్షనులోనూ ఆ మాట అలాగే ఉంది.

1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు, ఒంటి మీద గాయాలు లేవనీ, ప్రతిఘటించిన ఆనవాళ్ళు లేవనీ చెప్పి పోలీసుల్ని వదిలేసింది. ఆ మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవర్, రఘునాథ్ కేల్కర్ రాసిన బహిరంగ లేఖ ఒక సూక్ష్మమైన తేడాను దేశం ముందు పెట్టింది. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు. మన స్త్రీ ఉద్యమానికి ఆ లేఖ ఎంత ఊపునిచ్చిందో ఇక్కడ మళ్ళీ చెప్పక్కర్లేదు. చట్టంలో సమ్మతి అంటే స్పష్టమైన, స్వచ్ఛందమైన అంగీకారం అనీ, ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతించినట్టు భావించకూడదనీ రాయడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న సామెతను చట్టం కొట్టివేసిన రోజుగా దాన్ని నేను చదువుకుంటాను. ఇళ్ళల్లో ఇంకా కొట్టివేయలేదు.

సాహిత్యంలో సిగ్గు మీద పెద్ద పోరు మన తరం కళ్ళ ముందే జరిగింది. 1980ల చివర్లో స్త్రీలు తమ శరీరం గురించి, ప్రసవం గురించి, పడకగది గురించి కవిత్వం రాస్తే ‘నీలి కవిత్వం’ అని వెక్కిరించారు. నీలి అన్న ఆ రంగు తగ్గకుండానే 1993లో వోల్గా సంపాదకత్వంలో నీలిమేఘాలు వచ్చింది. ముద్దుపళనికి వేసిన ప్రశ్నే వీళ్ళకూ వేశారు: ఆడవాళ్ళై ఉండి సిగ్గు లేదా? ఎనభై ఏళ్ళ తర్వాత కూడా నాగరత్నమ్మ జవాబే సరిపోయింది. జయప్రభ పైటను తగలెయ్యాలని రాసినప్పుడు అది సిగ్గును గుడ్డ రూపంలో పట్టుకుని నిలదీయడం.

అయితే ఆ సిగ్గు అందరిదీ ఒకటేనా అని దళిత స్త్రీలు అడిగారు. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవితలో, తన కొంగు ఎద మీద కాపలా కాదంటుంది. అది చెమట తుడిచేది, మూట కట్టేది, పనిలో తోడుండేది. పొలంలో వంగి నాటు వేసే మనిషికీ, నలుగురి ముందు కూలి లెక్క అడగాల్సిన మనిషికీ సిగ్గరిగా ఉండే వీలు ఎవరిచ్చారు? సిగ్గును గుణంగా మెచ్చుకున్న సమాజమే ఈ ఆడవాళ్ళకు ఆ గుణం దక్కనివ్వలేదు, పైగా గట్టిగా మాట్లాడతారని మోటు మనుషులంది. సిగ్గు ఒక కులపు ఆస్తిగా, ఒక తరగతి నగగా చెలామణి అయింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన నల్లపొద్దు చదివినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. దేవదాసికి సిగ్గు లేదన్నారు, కూలి మనిషికి సిగ్గు అక్కర్లేదన్నారు, ఇల్లాలికి సిగ్గు తప్ప ఇంకేమీ అక్కర్లేదన్నారు. ఒకే మాటతో ముగ్గురినీ విడదీశారు.

నాట్యశాస్త్రం చెప్పిన మొదటి అర్థాన్ని మళ్ళీ తెరిచి చూపించినవాళ్ళూ ఉన్నారు. 2004 జూలైలో ఇంఫాల్‌లో కాంగ్లా కోట ముందు పన్నెండుమంది మణిపురి తల్లులు బట్టలు విప్పి నిలబడ్డారు. వాళ్ళు సిగ్గు విడిచారని కొందరు రాశారు. వాళ్ళు చేసింది అది కాదు. సిగ్గుపడాల్సిన చోటును వేలెత్తి చూపించారు. 2024లో ఫ్రాన్సులోని అవిన్యోఁలో జిసెల్ పెలికో తన మీద ఏళ్ళ తరబడి జరిగిన అత్యాచారాల విచారణ తలుపులు మూసి జరగనక్కర్లేదని పట్టుబట్టింది. సిగ్గు తనది కాదు, వాళ్ళది అన్నది ఆమె మాట సారాంశం. భర్తతో పాటు మరో యాభైమంది దోషులుగా తేలారు. తప్పు చేసినవాడే తల వంచాలన్న వ్రీడ పాత లక్షణం ఆ కోర్టు హాల్లో కళ్ళకు కట్టింది.

ఇంతా చెప్పాక ఒక మనిషి మిగిలిపోతుంది. నిజంగానే బిడియం ఉన్న ఆడపిల్ల. నా తరగతుల్లో ప్రతి ఏడూ కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళకు సిగ్గు ఎవరో నేర్పినదో, పుట్టుకతో వచ్చిన తీరో చెప్పడం కష్టం. కొందరికి రెండూ. మన ఉద్యమం గట్టి గొంతును ఎంతగా మెచ్చుకుందంటే, మెల్లని గొంతు అంటే ఇంకా విముక్తి కాని గొంతు అనుకునే అలవాటు మనలో కొంత వచ్చింది. ఇది న్యాయం కాదు. సెమినార్లో చేయి ఎత్తని పిల్ల పరీక్ష కాగితంలో నాకు తెలియని మాట రాస్తుంది. సిఫారసు ఉత్తరాల్లో ఇలాంటి ఆడపిల్లల గురించి ‘నెమ్మదస్తురాలు, వినయశీలి’ అనీ, అదే తీరున్న మగపిల్లల గురించి ‘ఆలోచనాపరుడు’ అనీ అధ్యాపకులు రాయడం నేను చాలాసార్లు చూశాను. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ రెండు మాటల్లో దేన్ని ఎంచుకుంటారో చెప్పనక్కర్లేదు. అందుకే అలాంటి పిల్లల గురించి రాసేటప్పుడు నేను వినయాన్ని పక్కన పెట్టి వాళ్ళ ఆలోచన గురించే రాస్తున్నాను. మాట మార్చడం చిన్న పనే, కానీ అది మన చేతిలో ఉన్న పని.

కనక సిగ్గరి అన్న మాటను నిఘంటువులోంచి తీసెయ్యమని నేను అనను. మంచి తెలుగు మాట. దానికి వ్యాకరణం ఇచ్చిన రూపాన్ని తిరిగి ఇద్దాం. ఆడా మగా కాని ‘అరి’ని గుర్తుచేద్దాం. బిడియం ఉన్న మనిషి ఆడైనా మగైనా సిగ్గరే, అది మెచ్చుకోలూ కాదు, తిట్టూ కాదు, ఒక తీరు. ఆ తీరుకు అంగీకారం అన్న అర్థం లేదు. శీలం అన్న అర్థం లేదు. కులం అన్న అర్థం అసలే లేదు. తప్పు చేసినవాళ్ళు పడాల్సిన సిగ్గు వేరే ఉంది. దాన్ని ఇన్ని శతాబ్దాలుగా మోసినవాళ్ళ తల మీంచి దించి, అసలు హక్కుదారులకు అప్పగించే పని నాగరత్నమ్మ 1910లో మొదలుపెట్టింది. ఆ ముందుమాటను మన పాఠ్యప్రణాళికల్లో పెట్టించడం మనం చేయాల్సిన తర్వాతి పని.